విదేశీ సాయం ఆగాక ఏ డబ్బు? ఏడు దారులు, వాటి లాభనష్టాలు

మునుగోడు వైపు ఒక ఊళ్లో పంచాయతీ ఆఫీసు వెనక రేకుల షెడ్డు ఒకటి ఉంది. లోపల రెండు సిమెంటు తొట్లు, ఒక మోటారు, గోడకు ఆనించి పటిక బస్తాలు పెట్టుకునే చెక్క బల్ల. నీళ్లలోని ఫ్లోరైడ్ తీసేయడానికి ఒక విదేశీ సాయం ప్రాజెక్టు దాన్ని కట్టించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, తేరుకున్నాక పై నీళ్లు పట్టుకోవాలి. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన ఈ పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే, నల్లగొండ టెక్నిక్. ప్రాజెక్టు వాళ్లు వచ్చిపోతున్నంత కాలం అది నడిచింది. వాళ్లు పోయాక పటిక ఎవరు కొనాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, మోటారు వేసే పిల్లాడికి జీతం ఎవరివ్వాలి అనేది ఎవరూ ముందు తేల్చుకోలేదు. ఏడాదిన్నరకు తాళం పడింది. ఆ కమిటీ లెక్కల బుక్కు నేనే రాసేవాణ్ణి, చివరి పేజీలో నిల్వ 340 రూపాయలు అని రాసిన రోజు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు అదే ప్రశ్న దేశాల ముందుకు వచ్చింది. అమెరికా సాయం సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జులై 1 నాటికి పని ఆపేసింది. బ్రిటన్ తన జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న విదేశీ సాయాన్ని 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తానని 2025 ఫిబ్రవరిలో చెప్పింది. ధనిక దేశాలు 0.7 శాతం ఇవ్వాలన్న లక్ష్యం 1970 నాటిది, చాలా దేశాలు దాని దగ్గరికి కూడా రాలేదు. ఆఫ్రికాలో ఎయిడ్స్ మందులు ఈ డబ్బుతోనే నడిచిన ఆసుపత్రులు ఎన్నో ఉన్నాయి, వాటికి ఇప్పుడు వేరే దారి కావాలి.

నల్లగొండలో గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు నన్ను ఇదే అడిగారు. "అన్నా, సాయం పోతే పన్నులు పెంచాలా, అప్పు తేవాలా, కంపెనీలకు అప్పజెప్పాలా, ఏది మంచిది?" వాళ్ల కోసం, విదేశీ నిధులతో చిన్న సంస్థ నడుపుతూ ఇప్పుడు టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం, కొత్తగా గెలిచిన సర్పంచుల కోసం ఇది రాస్తున్నా.

ఒకటి ముందే చెప్పాలి, ఇది మనకు పుస్తకాల్లో చదివిన విషయం కాదు. పాలమూరు, నల్లగొండల్లో నెదర్లాండ్స్ డబ్బుతో ఏపీవెల్ ప్రాజెక్టు కింద చిన్న రైతులకు ఉమ్మడి బోర్లు పడ్డాయి. బ్రిటన్ డబ్బుతో గ్రామీణ జీవనోపాధుల ప్రాజెక్టు ఈ రెండు జిల్లాల్లో వాటర్‌షెడ్ పనులు చేయించింది. 2003లో భారత ప్రభుత్వం చిన్న చిన్న దాత దేశాలకు ఇక మీ సాయం వద్దని చెప్పింది, నెదర్లాండ్స్ కూడా అలా పక్కకు జరిగింది. 2015తో ఆర్థిక సాయం ఆపుతామని బ్రిటన్ 2012లో ప్రకటించింది. ప్రపంచ బ్యాంకులో పేద దేశాలకు చౌక అప్పులిచ్చే ఐడీఏ విభాగం నుంచి 2014లో మన దేశం బయటికి వచ్చింది. అంటే ఆఫ్రికా దేశాలు ఇప్పుడు నిలబడ్డ చోట మనం ఇరవై ఏళ్ల కింద నిలబడ్డాం.

ముందు ఏం చూడాలి

ఏ దారినైనా ఎంచుకునే ముందు ఐదు ప్రశ్నలు వేసుకోండి. వీటిని వదిలేసి "అప్పు మంచిదా చెడ్డదా" అని ఎంతసేపు వాదించుకున్నా ఎటూ తేలదు.

మొదటిది, తిరిగి కట్టాల్సింది ఏ కరెన్సీలో? మా మేనత్త 2019లో బిడ్డ పెళ్లికి చుట్టాల దగ్గర ఐదు తులాల బంగారం చేబదులుగా తెచ్చింది, మళ్లీ బంగారంగానే ఇవ్వాలని మాట. అప్పుడు తులం దాదాపు ముప్పై ఐదు వేలు, ఇప్పుడు లక్ష దాటింది. ఆమె పత్తి ధర మాత్రం అలా మూడింతలు కాలేదు. మిత్తి ఒక్క రూపాయి లేదు, అయినా ఆమె ఇంకా ఆ అప్పులోనే ఉంది. డాలర్లలో అప్పు తెచ్చి తన సొంత కరెన్సీలో సంపాదించే దేశం పరిస్థితి అచ్చం ఇదే.

రెండోది, ఎన్నేళ్లలో కట్టాలి? బత్తాయి తోట కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, పంట రుణమేమో ఏడాదికి తిరిగి కట్టాలి. ఆ పంట రుణంతో తోట పెట్టినవాళ్లు రెండో ఏడే సావుకారు దగ్గరికి పోవడం దేవరకొండ, నాంపల్లి వైపు ఎవరిని అడిగినా చెప్తారు. దేశాలు కూడా ముప్పై ఏళ్ల పనికి ఐదేళ్ల అప్పు తెచ్చి ఇలాగే ఇరుక్కుంటాయి.

మూడోది, ఆ పని తన అప్పు తాను తీర్చుకోగలదా? టోల్ రోడ్డు తీర్చుకుంటుంది, కరెంటు ప్లాంటు తీర్చుకోవచ్చు, అంగన్‌వాడీ ఎప్పటికీ తీర్చుకోదు, అలాగని అంగన్‌వాడీ వద్దని ఎవరం అనలేం.

నాలుగోది, ఈ డబ్బు లెక్క ఎవరికి చెప్పాలి? మన ఊరి జనానికా, వాషింగ్టన్‌లో ఆఫీసుకా, లండన్‌లో బాండు, అంటే సర్కారు అమ్మే అప్పు పత్రం, కొన్నవాడికా? ఐదోది, వచ్చే ఏడు కూడా వస్తుందా?

| దారి | ఏ కరెన్సీ | ఎంత కాలం | ఏ పనికి నప్పుతుంది | లెక్క ఎవరికి | పెద్ద చిక్కు |
|---|---|---|---|---|---|
| సొంత పన్ను | సొంతం | ఏటేటా వస్తుంది | జీతాలు, మందులు, బడి, నీళ్లు | ఓటర్లకు | మెల్లగా పెరుగుతుంది, పేదోడి మీద పడొచ్చు |
| దేశంలోనే అప్పు | సొంతం | ఎక్కువసార్లు తక్కువ కాలం | వంతెన, డ్యాం, పట్టణ పనులు | మన బ్యాంకులు, పొదుపు చేసినవాళ్లు | మిత్తి ఎక్కువ |
| చౌక విదేశీ అప్పు | డాలర్, యెన్ | చాలా ఎక్కువ | కాలువలు, తాగునీరు, పెద్ద రోడ్లు | అప్పిచ్చిన సంస్థకు | షరతులు, ఆలస్యం |
| డాలర్ బాండు | డాలర్ | ఐదు నుంచి ముప్పై ఏళ్లు | డాలర్లు సంపాదించే పనికి మాత్రమే | విదేశీ మార్కెట్‌కు | కరెన్సీ పడితే అప్పు పెరుగుతుంది |
| వలస వెళ్లినవాళ్ల డబ్బు | డాలర్, దినార్ | కుటుంబం ఇష్టం | ఇల్లు, చదువు, బాండు అయితే ప్రభుత్వ పని | కుటుంబానికి | ఇది సర్కారు డబ్బు కాదు |
| కంపెనీ పెట్టుబడి | రెండూ | ఒప్పందాన్ని బట్టి | ఫీజు వసూలయ్యే పని | వాటాదార్లకు | దాగిన హామీలు |
| ఖనిజాలు | డాలర్ | గని ఉన్నంత కాలం | నిధిగా దాచుకోవడానికి | ఎవరికీ చెప్పకపోవడమే తరచూ జరిగేది | ధర పడితే ఖజానా ఖాళీ |

సొంత పన్ను

నా ఓటు మొదట దీనికే, ఎందుకో వివరంగా చెప్తా. 2025లో స్పెయిన్‌లోని సెవిల్‌లో అభివృద్ధి నిధుల మీద ఐక్యరాజ్యసమితి పెద్ద సమావేశం జరిగింది, జాతీయోత్పత్తిలో కనీసం 15 శాతం పన్నుగా వసూలు చేసేలా పేద దేశాలకు తోడ్పడాలని అక్కడ ఒప్పుకున్నారు. సర్కారు అంటూ ఒకటి నడవాలంటే టీచరుకు, నర్సుకు, పోలీసుకు నెలనెలా జీతం ఇవ్వాలి, అది అప్పు తెచ్చి ఇచ్చేది కాదు, దాతల మీద ఆధారపడి ఇచ్చేది అంతకన్నా కాదు.

పన్ను వల్ల ఇంకో మేలు ఉంది. పాలమూరులో సర్పంచ్‌గా చేసిన నా దోస్తు ఒక మాట అనేవాడు, ఇంటి పన్ను కట్టినవాడే వీధి లైటు ఎందుకు వెలగట్లేదని గట్టిగా అడుగుతాడని. మా పటిక షెడ్డుకు తాళం పడ్డప్పుడు ఊళ్లో ఒక్కరూ గొడవ చేయలేదు, ఎందుకంటే అందులో మా పైసా లేదు. అది మా సొంత డబ్బైతే అంత మౌనంగా ఊరుకునేవాళ్లం కాదని నేను ఈ రోజుకీ అనుకుంటా.

పన్ను తగ్గిస్తే ఏమవుతుందో శ్రీలంకలో చూశాం. 2019 చివర్లో అక్కడ వ్యాట్ అనే అమ్మకం పన్నును 15 శాతం నుంచి 8 శాతానికి దించారు. జనం సంతోషించారు, ఖజానా ఖాళీ అయింది, తర్వాత కోవిడ్ వచ్చి పర్యాటకులు ఆగిపోయారు, 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని ప్రభుత్వం చేతులెత్తేసింది. పన్ను ఒక్కటే కారణం కాదు, కానీ పన్ను ఉండి ఉంటే అంత దూరం పోయేది కాదు.

పెంచడం కూడా అంత తేలిక కాదు. కెన్యాలో 2024 జూన్‌లో కొత్త పన్నుల బిల్లు తెస్తే కుర్రవాళ్లు రోడ్డెక్కారు, పార్లమెంటులోకి చొరబడ్డారు, ప్రాణాలు పోయాయి, మరుసటి రోజే అధ్యక్షుడు రూటో బిల్లు వెనక్కి తీసుకున్నాడు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. పేద దేశాల్లో సులువుగా వసూలయ్యేది అమ్మకం పన్నే, అది కైకిలికి పోయే ఆమె కొనే సబ్బు మీద కూడా పడుతుంది. భూములు, భవనాలు, పెద్ద లాభాల మీద పన్ను వేయడం కష్టం, ఎందుకంటే అవి ఉన్నవాళ్లు అధికారం పక్కనే ఉంటారు. అందుకే పన్ను దారి ఎంచుకునే దేశం ఎవరి మీద వేస్తున్నామనేది ముందు తేల్చుకోవాలి, ఎంత వసూలవుతుందనేది ఆ తర్వాతి లెక్క.

దక్షిణ కొరియా 1950ల యుద్ధం తర్వాత అమెరికా సాయంతో బతికిన దేశం. పన్ను యంత్రాంగం, పొదుపు, ఎగుమతులు కలిపి కట్టుకుంటూ వచ్చి 2010 నాటికి సాయం ఇచ్చే దేశాల కమిటీలో కూర్చుంది. అరవై ఏళ్ల ప్రయాణం అది, తొందరపడేవాళ్లకు ఈ దారి నచ్చదు.

దేశంలోనే అప్పు

పొదుపు సంఘం ఎలా నడుస్తుందో మన ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు నెలనెలా దాచుకుంటారు, తమలో తామే ఇచ్చిపుచ్చుకుంటారు, పుస్తకాలు సరిగా ఉంటే బ్యాంకు వచ్చి ఆ పొదుపుకు ఇన్ని రెట్లని అప్పిస్తుంది. నాబార్డ్ 1992లో ఈ లింకేజీ మొదలుపెట్టింది. దేశంలో అప్పు తీసుకోవడం అంటే మూలంలో ఇదే, జనం పొదుపును సర్కారు అప్పుగా తీసుకుని పని చేయించడం. మన కేంద్ర ప్రభుత్వ అప్పులో అధిక భాగం రూపాయల్లోనే, దేశంలోపలే ఉంది. డాలర్ ఎటు పోయినా మనం శ్రీలంక కాకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

బంగ్లాదేశ్ పద్మా వంతెన నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. అవినీతి ఆరోపణలతో ప్రపంచ బ్యాంకు 2012లో 120 కోట్ల డాలర్ల అప్పు రద్దు చేసింది. సొంత డబ్బుతో కడతామని ప్రభుత్వం మొండికేసింది, 2022 జూన్‌లో ఆరు కిలోమీటర్లు దాటిన ఆ వంతెన తెరుచుకుంది. ఇథియోపియా నైలు నది మీద పెద్ద డ్యాం 2011లో మొదలుపెట్టి ఉద్యోగుల జీతాల నుంచి, సామాన్యులు కొన్న బాండ్ల నుంచి డబ్బు పోగేసి 2025 సెప్టెంబర్‌లో ప్రారంభించింది. మన నాగార్జునసాగర్ రాళ్లు మోసిన పాలమూరు కూలీల పిల్లలకు ఇలాంటి కథ వింటే ఏమనిపిస్తుందో నాకు తెలుసు. అయితే అదే ఇథియోపియా 2023 డిసెంబర్‌లో డాలర్ బాండు మీద కట్టాల్సిన 3.3 కోట్ల డాలర్ల వడ్డీ కట్టలేకపోయింది, అది కూడా గుర్తుంచుకోవాలి. డ్యాంకు సొంత డబ్బు దొరికినంత మాత్రాన డాలర్ బాధ తీరదు.

చిన్న మొత్తాలు ఎంతవరకు పనికొస్తాయి? కెన్యా 2017లో ఎం అకిబా పేరుతో మొబైల్ ఫోన్లో 3,000 షిల్లింగులకే ప్రభుత్వ బాండు అమ్మింది. మొదటి చిన్న విడత అమ్ముడుపోయింది, తర్వాతి పెద్ద విడతకు అనుకున్నంత రాలేదు. జనానికి అలవాటు చేయడానికి మంచిదే, డ్యాం కట్టడానికి చాలదు.

చిక్కులు రెండు. బ్యాంకుల్లో ఉన్నదంతా సర్కారే ఊడ్చుకుపోతే పోచంపల్లి మగ్గం పెట్టుకునేవాడికి, కిరాణా షాపు వాడికి అప్పు దొరకదు, దొరికినా మిత్తి మండిపోతుంది. రెండోది, సొంత కరెన్సీ అప్పు కదా అని ధీమా పడొద్దు. ఘనా 2022 చివర్లో దేశంలోపలి బాండ్లకు కూడా గడువు పెంచి వడ్డీ తగ్గిస్తామంది, పదవీ విరమణ డబ్బంతా ఆ బాండ్లలో పెట్టుకున్న ముసలివాళ్లు ఆర్థిక శాఖ ఆఫీసు ముందు నిలబడాల్సి వచ్చింది.

చౌక విదేశీ అప్పు

ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జపాన్ జైకా ఇచ్చేవి ఇవి. చాలామంది వీటిని కూడా సాయమే అనుకుంటారు, కాదు, తిరిగి కట్టాలి. కానీ ఐడీఏ అప్పుల్లో కొన్నిటికి వడ్డీ సున్నా, ఏటా 0.75 శాతం సేవా రుసుము మాత్రమే, గడువు ముప్పై ఏళ్లు పైనే. ఇంత చౌకగా ఇంత గడువు మార్కెట్‌లో దొరకదు. పాలమూరులో 2000 నుంచి నడిచిన వెలుగు ప్రాజెక్టు, 2010లో సాగర్ కాలువల ఆధునికీకరణకు వచ్చిన 45 కోట్ల డాలర్లు ప్రపంచ బ్యాంకు అప్పులే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డులో కొంత భాగం జైకా అప్పుతో కట్టిందే. కాలువ లాంటి పని వెంటనే డబ్బు తేదు, ముప్పై ఏళ్లు పంట తెస్తుంది, దానికి ముప్పై ఏళ్ల అప్పే సరిపోతుంది.

మరి షరతులు? 1999లో ఉమ్మడి రాష్ట్రం విద్యుత్ సంస్కరణలకు ప్రపంచ బ్యాంకు అప్పు తీసుకుంది. ఆ సంస్కరణల్లో భాగంగా 2000లో కరెంటు చార్జీలు పెరిగాయి, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఆందోళనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. బోర్ల మీద బతికే మన జిల్లాల్లో ఆ రోజు ఎవరూ మర్చిపోలేదు. చౌక మిత్తి అని సంతకం పెట్టే ముందు షరతుల కాగితం జనం భాషలో జనం ముందు పెట్టాలి, అసెంబ్లీలో చర్చ జరగాలి. అది జరిగితే ఈ అప్పు మంచిదే. జరగకపోతే మిత్తిలో మిగిలింది వేరే చోట చెల్లించాల్సి వస్తుంది.

ఆలస్యం కూడా ఉంటుంది. సర్వేలు, పర్యావరణ నివేదికలు, పునరావాస ప్రణాళికలు అన్నీ అయ్యేసరికి ఏళ్లు గడుస్తాయి. భూమి పోయేవాడి వైపు నుంచి చూస్తే ఆ ఆలస్యంలో మంచి కూడా ఉంది.

డాలర్ బాండు

చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. షరతులు ఉండవు, రెండు వారాల్లో డబ్బు వస్తుంది, "మనం ఇక ఎవరి ముందూ చేయి చాచక్కర్లేదు" అని నాయకులు సభల్లో చెప్పుకోవచ్చు. ఘనా 2007లో తొలిసారి 75 కోట్ల డాలర్ల బాండు అమ్మింది. 2017లో అధికారంలోకి వచ్చిన అకుఫో అడో ప్రభుత్వం "సాయం దాటిన ఘనా" అనే నినాదం ఎత్తుకుంది, మంచి ఆశయమే, నేను దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నా. కానీ పన్నుల వసూళ్లు ఆ వేగంతో పెరగలేదు, బాండ్ల మీద బాండ్లు పెరిగాయి. 2022లో ప్రపంచమంతా వడ్డీలు ఎగబాకి, ఘనా కరెన్సీ సెడీ విలువ కుప్పకూలి, డిసెంబర్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆగింది, 2023 మేలో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) దగ్గర 300 కోట్ల డాలర్ల కార్యక్రమంలో చేరింది. దాతను దాటి పోదామని బయలుదేరిన దేశం అంతకన్నా కఠినమైన వాకిట్లో నిలబడింది. జాంబియాకు 2020లోనే ఇది జరిగింది. శ్రీలంకలో 2022లో రెండు మూడు నెలల్లో డాలర్ 200 రూపాయల నుంచి 360 దాకా పోయింది, ఒక్క కొత్త డాలర్ తేకుండానే అప్పు అంత మేర బరువెక్కింది. మా మేనత్త బంగారం లెక్కే.

నా సలహా సూటిగా చెప్తున్నా. డాలర్లు సంపాదించే పని ఉంటే, ఉదాహరణకు ఎగుమతి రేవు, ఇది ఆలోచించండి. బడులు, ఆసుపత్రులు, జీతాలకు డాలర్ బాండు వద్దు.

వలస వెళ్లినవాళ్ల డబ్బు

2024లో విదేశాల్లోని మనవాళ్లు దేశానికి పంపింది దాదాపు 12,900 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. చాలా పేద దేశాలకు వచ్చే సాయం కంటే వలస డబ్బే ఎక్కువ. పాలమూరు నుంచి ముంబై, పుణె పోయి మట్టి పని చేసినవాళ్ల డబ్బు ఏమవుతుందో చూస్తే ఇది ఎలాంటి డబ్బో తెలుస్తుంది, పాత అప్పు, బిడ్డ పెళ్లి, రెండు గదుల ఇల్లు, ఒక బోరు. ఆ డబ్బు వాళ్ల చెమట, దాన్ని "దేశాభివృద్ధి నిధి" అని సర్కారు లెక్కలో వేసుకోవడం నాకు సరిగ్గా అనిపించదు.

బాండు రూపంలో అడిగితే వేరు. పోఖ్రాన్ పరీక్షల తర్వాత ఆంక్షలు వచ్చినప్పుడు 1998లో మన దేశం రిసర్జెంట్ ఇండియా బాండ్లతో ప్రవాసుల దగ్గర 420 కోట్ల డాలర్లు సేకరించింది. నైజీరియా 2017లో 30 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ప్రవాసులకు తమ సర్కారు మీద నమ్మకం ఉంటేనే ఇది నడుస్తుంది.

కంపెనీలు, ఖనిజాలు

ఈ రెంటినీ క్లుప్తంగా చెప్తా. ఫీజు వసూలయ్యే చోటుకే కంపెనీ వస్తుంది. 2023లో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు టోల్ హక్కును 30 ఏళ్లకు 7,380 కోట్లకు లీజుకిచ్చారు. ధర సరైనదా కాదా అన్న గొడవ ఆ తర్వాత కూడా నడిచింది, ముప్పై ఏళ్ల ఆదాయం ఒకేసారి తీసుకుని ఆ డబ్బు దేని మీద ఖర్చు పెట్టారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. శ్రీలంక హంబన్‌టోట రేవును 2017లో 99 ఏళ్ల లీజుకిచ్చింది. ఒప్పందంలో "వాహనాలు తగ్గితే సర్కారు భరిస్తుంది" లాంటి హామీ ఉందేమో చూడండి, ఉంటే అది కూడా అప్పే, బడ్జెట్‌లో కనిపించదు అంతే.

ఖనిజాలతో బాగుపడ్డ దేశం అంటే బోట్స్వానా పేరు చెప్తారు. 1966లో స్వాతంత్య్రం వచ్చాక వజ్రాలు దొరికాయి, 1994లో ఆ డబ్బులో కొంత దాచడానికి పులా ఫండ్ పెట్టారు. అందరూ అలా దాచలేదు. మన దగ్గర సున్నపురాయి గనుల నుంచి జిల్లా ఖనిజ నిధికి డబ్బు వస్తుంది, గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం అది గని బాధిత ఊళ్లకే ఖర్చు కావాలి, మీ ఊరికి ఎంత వచ్చిందో కలెక్టరేట్‌లో అడగండి. ఇక సాగర్ పక్కన లంబాపూర్ యురేనియం, నల్లమల యురేనియం విషయంలో నాది ఒకటే మాట, కృష్ణ నీళ్లను పణంగా పెట్టి తెచ్చే డబ్బు వద్దు. 2019 సెప్టెంబర్‌లో అసెంబ్లీ కూడా నల్లమలలో తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

మీరు ఎవరైతే ఏది

*పన్ను తక్కువ, ఆసుపత్రులు దాతల మీద నడిచే చిన్న దేశం గురించి ఆలోచిస్తుంటే:* మిగిలిన గ్రాంటును కొత్త భవనాల మీద పెట్టొద్దు, మందుల మీద పెట్టండి. నర్సుల జీతాలను ఏడాదికి కొంత చొప్పున సొంత బడ్జెట్‌లోకి తెచ్చుకోండి. పెద్ద పనులకు ఐడీఏ అప్పు, పన్ను పెరిగేదాకా డాలర్ బాండు వైపు చూడొద్దు. గ్రూప్స్ పిల్లలు ఇంటర్వ్యూలో ఈ వరుస చెప్తే ఎవరూ తప్పు పట్టలేరు.

*తెలంగాణ లాంటి రాష్ట్రం గురించి అయితే:* ఇక్కడ డాలర్ భయం తక్కువ, అసలు ప్రశ్న మూడోది, పని తన అప్పు తీర్చుకుంటుందా అని. మిషన్ భగీరథ ఎక్కువగా హడ్కో (ఇళ్లకు, పట్టణ పనులకు అప్పిచ్చే కేంద్ర సంస్థ), నాబార్డ్, బ్యాంకుల అప్పుతో కట్టిందే. నల్లా మీద వచ్చే ఆదాయంతో ఆ అప్పు తీరదు, ఖజానా నుంచే తీర్చాలి. కార్పొరేషన్ల పేరుతో తెచ్చి ఖజానా నుంచి తీర్చే ఇలాంటి అప్పులను 2022 నుంచి కేంద్రం రాష్ట్ర రుణ పరిమితిలోనే లెక్కేయడం మొదలుపెట్టింది. కాబట్టి అది తప్పు అప్పా? నేను అలా అనను. వంకర కాళ్లతో, నలభై ఏళ్లకే వంగిపోయిన నడుములతో ఉన్న మనుషుల మధ్య పెరిగినవాణ్ణి, కృష్ణ నీళ్లు ఇంటికి రావడం విలువ రూపాయల్లో చెప్పలేను. కానీ లాభం తేని మంచి పనికి అప్పు తెస్తే, ఆ అప్పు తీర్చే పన్ను ఏదో అదే రోజు చెప్పాలి. ఎత్తిపోతల పథకాలకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే అక్కడ అప్పు కిస్తీతో పాటు ఏటా కరెంటు బిల్లు కూడా ఉంటుంది.

*విదేశీ నిధులతో నడిచే చిన్న సంస్థ మీదైతే:* విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత విదేశీ విరాళంలో ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు, అంతకుముందు 50 శాతం ఉండేది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వడం కూడా కుదరదు. అంటే పెద్ద సంస్థ కింద పనిచేసే మండల స్థాయి సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టాలన్న 2013 చట్టం నాటివి, వస్తాయి కానీ ఫ్యాక్టరీలు ఉన్న చుట్టుపక్కలకే ఎక్కువ వస్తాయి, చాలాసార్లు ఏడాదికి ఒకసారి మళ్లీ మొదటి నుంచి అడగాలి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ సిమెంటు బెల్టులో ఉంటే ప్రయత్నించండి, అచ్చంపేట లోపల ఉంటే దాని మీద ఆశ పెట్టుకుని మనుషులను తీసుకోవద్దు. మహిళా సమాఖ్యలతో కలిసి సభ్యులు కొంత రుసుము కట్టే సేవగా మార్చుకోగలిగిన పనిని మార్చుకోండి, మార్చుకోలేని పనిని, వికలాంగ పిల్లల బడి లాంటిదాన్ని, సర్కారు పథకంలో కలిపించడానికే పోరాడండి.

*కొత్త సర్పంచ్ అయితే:* ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయని 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా మన ఊళ్లన్నీ చూశాయి. 2021-26 కాలానికి చెందిన పదిహేనో ఆర్థిక సంఘం పద్ధతిలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టుబడి ఉండేది, మిగతా 40 శాతంతో కూడా జీతాలు ఇవ్వకూడదని ఉండేది. కాబట్టి ఇంటి పన్ను వసూలే మీ చేతిలో నిజంగా ఉన్న డబ్బు. ముందు వీధి లైట్లు బాగుచేయించి, ఆ తర్వాత డప్పు చాటింపు వేయించి వసూలు పెట్టండి, వరుస తిరగేస్తే రాదు. ఎవరైనా దాత వచ్చి ప్లాంటు కట్టిస్తానంటే వద్దనక్కర్లేదు. గ్రామసభలో ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: నెలకు కరెంటు ఎంత, మందులకు ఎంత, రిపేర్లకు ఎంత, నడిపేవాడి జీతం ఎంత. ప్రతి గడి పక్కన ఆ డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో రాయించి, వార్డు మెంబర్లతో సంతకాలు పెట్టించండి. గళ్లన్నీ నిండాకే శంకుస్థాపనకు తేదీ ఇవ్వండి.